అట్టముక్కల్లో ఊళ్లు: నమూనా రైలుమార్గాల కట్టడాలు, పరిసరాల పరిణామం

నమూనా రైలుమార్గం అంటే అసలు రైలును ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి, బల్లమీద పరిచిన పట్టాలపై నడిపే ఏర్పాటు. పట్టాలు, కొండలు, కట్టడాలతో కూడిన ఆ మొత్తాన్ని లేఅవుట్ అంటారు. అందులోని స్టేషన్లను, వంతెనలను, ఇళ్లను బజారులో దొరికే విడిభాగాలతో బిగించకుండా, అట్ట, చెక్క, ప్లాస్టిక్ రేకు, ప్లాస్టర్ వంటి ముడిసరుకును కొలిచి, కోసి స్వయంగా నిర్మించడమే స్క్రాచ్‌బిల్డింగ్. ఈ కళ పరిణామాన్ని పదార్థాల చరిత్రగా చెప్పడం పరిపాటి అయినా, దానిని నిజంగా ముందుకు నడిపింది చూపులో వచ్చిన మార్పు: రైలు వెనుక అలంకారంగా మొదలైన ఇల్లు క్రమంగా కొలవదగిన, గమనించదగిన, చివరకు భద్రపరచదగిన వస్తువుగా మారింది.

జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో, పట్టాల మధ్య వెడల్పును, అంటే గేజిని, ప్రామాణికం చేసిన బొమ్మ రైళ్లను ప్రవేశపెట్టింది. ఆ సంస్థా, బింగ్ వంటి ఇతర తయారీదారులూ రేకుతో చేసి రంగులు వేసిన స్టేషన్లు చూడముచ్చటైనవే గాని, వాటికీ పక్కనే నిలిచే రైలుకూ కొలతల పొంతన ఉండేది కాదు. బొమ్మల కొలువులో ఏనుగు కన్నా ఎత్తుగా శెట్టిగారి బొమ్మ కూర్చున్నా ఎవరికీ ఎబ్బెట్టు అనిపించనట్లే, ఆ కాలపు పిల్లలకూ ఆ తేడా పట్టలేదు. లండన్‌లో 1910లో మోడల్ రైల్వే క్లబ్ ఏర్పడేనాటికి పెద్దలు ఈ అభిరుచిని గంభీరంగా చేపట్టినప్పటికీ, వారి శ్రద్ధ చాలాకాలం ఇంజన్ల మీదా, సిగ్నళ్ల మీదా, పట్టాల అమరిక మీదా నిలిచింది.

పరిసరాలకు చోటు దొరకడానికి కారణం రైలు చిన్నదవడమే. బ్రిటన్‌లో అసలు అడుగును 7 మిల్లీమీటర్లుగా కుదించే ‘ఓ’ స్కేలులో ఒక చిన్న స్టేషను కూడా గదంతా ఆక్రమించేది. అందులో సగమైన ‘హెచ్ఓ’ స్కేలు, అంటే అడుగుకు 3.5 మిల్లీమీటర్ల కొలత, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో వ్యాప్తిలోకి వచ్చాక అదే గదిలో ఒక ఊరు పట్టింది. బ్రిటిష్ ఇంజన్లు ఐరోపా ఇంజన్ల కన్నా చిన్నవి కావడంతో నాటి మోటార్లు వాటి నమూనాల్లో ఇమడలేదు. అందువల్ల అక్కడివారు పట్టాల వెడల్పును 16.5 మిల్లీమీటర్ల వద్దే ఉంచి, తక్కిన వాటిని అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున పెంచి ‘ఓఓ’ అనే స్కేలును రూపొందించారు. ఈ రాజీ వల్ల రైలు తన కొలతకు తగిన దానికన్నా ఇరుకైన పట్టాల మీద నడిచేది. ఇళ్లకు మాత్రం అటువంటి రాజీ అవసరం లేదు కాబట్టి, లేఅవుట్ మీద కొలతకు పూర్తిగా నిలిచే వస్తువు ఇంజను కాక దాని పక్కనున్న ఇల్లే కావడం విశేషం.

ఈ స్కేలులో పని ఎంత సూక్ష్మమో లెక్క వేస్తే గాని తెలియదు. తొమ్మిది అంగుళాల బ్రిటిష్ ఇటుక 3 మిల్లీమీటర్లకు, ఇటుకల ఒక వరుస 1 మిల్లీమీటరుకు కుదించుకుపోతాయి. వరుసల మధ్య సున్నపు సందు ఒక మిల్లీమీటరులో సుమారు ఎనిమిదో వంతు. అదే లెక్కన ఒక మైలు దూరం 21 మీటర్లు దాటుతుంది కనుక ఏ గదిలోనూ యథాతథంగా పట్టదు. అందుచేత నిర్మాత దూరాలను కుదిస్తాడు, పది ఇళ్ల వీధిలో నాలుగే ఉంచుతాడు, కానీ తలుపు ఎత్తునూ మెట్టు లోతునూ ముట్టుకోడు. దీనిని ఎంపికతో కూడిన కుదింపు అంటారు. ఏది వదలాలో తెలియడం ఈ కళలో చేతి నేర్పుకు తీసిపోని విద్య.

ఆ విద్యను మొదట సమగ్రంగా చూపినవారిలో బ్రిటన్‌కు చెందిన జాన్ ఎహెర్న్ ముఖ్యుడు. 1930ల చివరి భాగం నుంచి ఆయన నిర్మించిన మ్యాడర్ వ్యాలీ రైలుమార్గం ఊహాజనితమైనదే అయినా, అందులో రైలు, రేవు, వీధులు, పొలాలు ఒకే చిత్రంలోని భాగాలుగా కుదిరాయి. యుద్ధానంతరం కట్టడాల నిర్మాణం గురించీ, భూదృశ్యం గురించీ ఆయన రాసిన పుస్తకాలు ఒక తరానికి పాఠ్యగ్రంథాలయ్యాయి. రైలు లేకపోయినా ఆ ఊరు బతికేలా కనిపించాలన్నది ఆయన పని చూసినవారికి అర్థమయ్యే సూత్రం.

రాయ్ ఇంగ్లండ్ మరింత దూరం వెళ్లాడు. ఆస్ట్రేలియాలో పుట్టి 1925లో బ్రిటన్ చేరిన ఆయన, వేల్ ఆఫ్ వైట్ హార్స్ అనే లోయ ప్రాంతంలో స్థిరపడి, అక్కడి గడ్డికప్పు ఇళ్లు ఒక్కొక్కటిగా కూలిపోవడాన్నీ, రూపుమారిపోవడాన్నీ చూశాడు. వాటిని కొలిచి, ఫొటోలు తీసి, నమూనాలుగా నిలపాలన్న సంకల్పం నుంచి 1954లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విట్టెన్‌హమ్‌లో పెండన్ మ్యూజియం పుట్టింది. అక్కడి గోడలు పలుచని అట్టతో చేసినవి. వాటిపై ఇటుకల, రాళ్ల అంచులను గీరి, ఒక్కొక్క దానికి నీటిరంగులతో వేర్వేరు ఛాయలు అద్దుతారు, ఎందుకంటే నిజమైన గోడలో ఏ రెండు ఇటుకలూ ఒకే రంగులో కాలవు. ఒక్క ఇంటికి నెలల తరబడి శ్రమ పడుతుంది. 1920లు, 1930ల నాటి పల్లెసీమను చూపే ఆ దృశ్యాన్ని, ఆయన 1995లో మరణించిన తరువాత కూడా స్వచ్ఛంద కార్యకర్తలు విస్తరిస్తూనే వచ్చారు; ఎహెర్న్ మరణానంతరం మ్యాడర్ వ్యాలీ సైతం అక్కడికే చేరింది. సామాన్యుల ఇళ్ల వాస్తుకు ఇంత ఓపికగా సాక్ష్యం పలికిన సంస్థలు అరుదు. ఈ అభిరుచి సాధించిన వాటిలో దీనిని అన్నిటికన్నా పైన నిలపడం న్యాయం.

అమెరికాలో మార్పు మరో దిక్కు నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలోని మాంటెరేలో హెచ్ఓ స్కేలులో ‘గోరీ అండ్ డిఫీటెడ్’ అనే లేఅవుట్‌ను నిర్మించిన జాన్ ఎలెన్ వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్. వెలుగు ఎక్కడ పడుతుందో, మురికి ఎక్కడ పేరుకుంటుందో ఎరిగిన కన్ను ఆయనది. కొత్త రంగు వేసిన ఇల్లు బొమ్మలా కనిపిస్తుందని గ్రహించి, ఆయన తుప్పు చారలు, పొగమసి, పెచ్చులూడిన రంగు, ఊడిన పలకలు చూపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. వెదరింగ్ అనే ఈ ప్రక్రియ వస్తువుపై ఎండావానల గుర్తులను కల్పిస్తుంది. 1973లో ఆయన మరణించిన కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో ఆ లేఅవుట్ చాలావరకు నాశనమైంది; ఆయన తీసిన ఫొటోలే దానికి ఆనవాళ్లు.

పదార్థాలు ఈ చూపును అనుసరించాయి. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ రేకు వచ్చాక కత్తితో గీటు పెట్టి విరిస్తే సూటి అంచు వచ్చేది, ద్రావకం అద్దితే అతుకు కరిగి ఏకమయ్యేది. గడ్డికప్పులకు పైపుల మరలకు చుట్టే నార పీచు, కొండలకు ప్లాస్టర్‌లో ముంచిన కాగితం వాడుకలోకి వచ్చాయి. రంగు వేసిన రంపపు పొట్టు స్థానంలో పొడిచేసిన ఫోమ్, ఆపైన విద్యుదావేశంతో పోచలను నిటారుగా నిలిపే కృత్రిమ గడ్డి చేరాయి. జర్మనీలోని ఫాలర్ వంటి సంస్థల ప్లాస్టిక్ కిట్లు పనిని సులువు చేసినా, వేలాది లేఅవుట్లలో ఒకే ఇల్లు కనిపించే పరిస్థితినీ తెచ్చాయి. లేజర్ కోత, త్రీడీ ముద్రణ ఇప్పుడు కిటికీ చట్రాల వంటి సన్నని పనిని కచ్చితంగా చేస్తున్నాయి గాని, వాటికి అందించాల్సిన కొలతలను ఇప్పటికీ మనిషే గోడ దగ్గర నిలబడి తీసుకోవాలి.

భారతీయ రైల్వే దృశ్యాన్ని కోరేవారికి ఈ కళ ఐచ్ఛికం కాక అవసరమవుతుంది, ఎందుకంటే కిట్లలో అధికభాగం ఐరోపా, అమెరికా కట్టడాలవే. 1676 మిల్లీమీటర్ల భారతీయ బ్రాడ్‌గేజి హెచ్ఓ స్కేలులో 19 మిల్లీమీటర్లు దాటుతుంది కనుక, మార్కెట్‌లో దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాలు దానికి సరిపోవు. పెంకుటి కప్పు స్టేషను, వేప చెట్టు చుట్టూ కట్టిన అరుగు, నీళ్ల ట్యాంకు, గేటు దగ్గరి గుమటీ కావాలనుకున్న నిర్మాత టేపు పట్టుకుని బయలుదేరక తప్పదు. గేజి మార్పిడితో పాత మీటర్‌గేజి స్టేషన్లు ఎన్నో మూతపడి, కొన్ని కూలిపోయిన దేశంలో ఆ కొలతలు తీయవలసిన పని ఇంకా చాలా మిగిలే ఉంది.