ఖుఫూ తెలుసు, మరి సిముకుడు?

సైదాబాద్ నుంచి మాట్లాడుతున్నా. గ్రేట్ పిరమిడ్ అనగానే ఈజిప్ట్ రాజు ఖుఫూ గుర్తొస్తాడు. 4,500 ఏళ్లుగా నిలిచిన పేరు! కానీ ఆయనదని తేలిన పూర్తి విగ్రహం ఒక్కటే. ఎత్తు 7.5 సెంటీమీటర్లు, మీ ఫోన్ వెడల్పంత.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. శాతవాహనుల మొదటి రాజు సిముకుడు. పురాణాల్లో శిశుకుడు, సింధుకుడు అని ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో ఆయన విగ్రహం పోయింది, చెక్కిన పేరు మిగిలింది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో, గోదావరి ఒడ్డున, ఛిముక పేరున్న నాణేలు దొరికాయి. ఆయనే సిముకుడని కొందరు చరిత్రకారులు చెప్పారు.

పిరమిడ్‌ని ఎవరూ జేబులో వేసుకెళ్లలేరు. నాణెం అలా కాదు, కరిగించేస్తే రాజే మాయం. అందుకే పొలంలో పాత నాణేలు దొరికితే అమ్మకండి, కలెక్టరాఫీసులో చెప్పండి.