ఉత్తరం మోసిన చేతులు

నా కథలు బుక్‌పోస్టులో పత్రికలకు చేరేవి. చేర్చినవాడి జీతమెంతో నేనెన్నడూ అడగలేదు. మన సాహిత్య చరిత్రలో లేఖలకు చోటుంది, వాటిని మోసిన శ్రమకు లేదు.

1946 జూలై 11న తపాలా కార్మికులు సమ్మెకు దిగారు. జూలై 29న వారికి మద్దతుగా కలకత్తా స్తంభించింది. ఉత్తరం ఆగాకనే ఆ చేతులు లోకానికి కనిపించాయి.

పల్లె తపాలా మోసేవాళ్ళు మాత్రం ‘ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్’గా, అంటే శాఖకు వెలుపలివాళ్ళుగానే మిగిలారు. వారివీ సివిల్ పోస్టులేనని, రాజ్యాంగ రక్షణ వారికీ వర్తిస్తుందని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. తరువాత పేరు ‘గ్రామీణ డాక్ సేవక్’ అయింది. శాఖ ఉద్యోగులతో సమానమైన పింఛను రాలేదు.

శ్రమను ‘సేవ’ అన్నప్పుడు ఎవరి కూలి మిగులుతున్నదో అడగడం రచయితల పని కూడా.