ఉటంకింపులు వేరు... ఉపశమనం వేరు!
మెదడు పరిశోధనల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థిని ముద్ర

పాతపట్నం: శాస్త్రవేత్త కృషిని దేనితో కొలవాలి? ప్రచురించిన పత్రాల సంఖ్యతోనా? వాటిని ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు ఆధారంగా చూపారన్న లెక్కతోనా? పరిశోధన రంగం వైపు అడుగులు వేసే జిల్లా విద్యార్థులే కాక, పత్రికల్లో కొత్త మందుల వార్తలు చదివే ప్రతి ఒక్కరూ తెలుసుకోదగిన విషయమిది. 2008లో ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు శ్రీకాకుళం జిల్లా కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉండేవి. అదే విశ్వవిద్యాలయంలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివిన నాడీశాస్త్రవేత్త విజయలక్ష్మి రవీంద్రనాథ్ పరిశోధనలు ఇందుకు చక్కని ఉదాహరణ.

విశాఖ నుంచి మానేసర్ వరకు...
ఆమె 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో పరిశోధన సాగించి, 1986లో బెంగళూరు నిమ్హాన్స్‌లో చేరారు. మందులు కాలేయంలోనే కాక మెదడులోనూ రసాయనికంగా మార్పు చెందుతాయా అన్నది ఆమె తొలినాళ్ల పరిశోధనాంశం. 1996లో వైద్యశాస్త్ర విభాగంలో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక సంచాలకురాలిగా వ్యవహరించారు. 2010లో పద్మశ్రీ అందుకున్నారు.

లెక్క ఇలా...
ఒక పత్రాన్ని మరో పరిశోధకుడు తన పత్రంలో ఆధారంగా పేర్కొంటే అది ఒక ఉటంకింపు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో హెచ్-సూచికను ప్రతిపాదించారు. కనీసం 20 సార్లు చొప్పున ఉటంకింపు పొందిన పత్రాలు 20 ఉంటే సూచిక 20. ఒకే పత్రానికి 5,000 ఉటంకింపులు వచ్చి, మిగిలిన వాటికి ఒక్కటీ రాకపోతే సూచిక 1 మాత్రమే. విమర్శించేందుకు పేర్కొన్నా, తన పత్రాన్ని తానే పేర్కొన్నా లెక్కలో చేరుతుంది. కొలిచే పద్ధతులను వివరించే పత్రాలకు సహజంగానే ఉటంకింపులు అధికం. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతి అటువంటిదే. దశాబ్దాల తరబడి ప్రయోగశాలలు దానిని వినియోగించాయి.

అశ్వగంధ పాఠం
విజయలక్ష్మి బృందం 2012లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో ప్రచురించిన పత్రం ప్రపంచవ్యాప్తంగా దృష్టిని ఆకర్షించింది. అల్జీమర్స్ మతిమరుపు లక్షణాలు కలిగేలా జన్యుమార్పిడి చేసిన ఎలుకలకు అశ్వగంధ వేరు సారాన్ని 30 రోజులు నోటి ద్వారా ఇచ్చారు. వాటి ప్రవర్తనలో లోపాలు సరిదిద్దుకున్నాయి. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ మాంసకృత్తు తగ్గింది. సారం కాలేయంలో ఒక గ్రాహక మాంసకృత్తును పెంచి, మెదడులోని అమిలాయిడ్ రక్తంలోకి వెలుపడేందుకు తోడ్పడిందని బృందం వివరించింది. ఎన్ని ఉటంకింపులు వచ్చినా అది ఎలుకలపై జరిగిన ప్రయోగమే. మనుషులలో వ్యాధి నయమవుతుందని ఆ పత్రం నిరూపించలేదు. ఇంట్లో వృద్ధులకు మతిమరుపు కనిపిస్తే చూర్ణాలను నమ్ముకోక వైద్యులను సంప్రదించడమే శ్రేయస్కరం.

పల్లెల్లోనే పరీక్ష
మనుషులలో వ్యాధి తీరును తెలుసుకోవాలంటే ఏళ్ల తరబడి పరిశీలన అవసరం. ఆమె వ్యవస్థాపక సంచాలకురాలిగా పనిచేసిన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణంలోని మెదడు పరిశోధన కేంద్రం ఈ బాధ్యతను చేపట్టింది. ఆంధ్ర సరిహద్దులోని కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 2018లో అధ్యయనం ఆరంభమైంది. 45 ఏళ్లు దాటిన 10 వేల మంది జ్ఞాపకశక్తి, ఆరోగ్య వివరాలను దీర్ఘకాలం పరిశీలించడం లక్ష్యం. పాశ్చాత్య నగరవాసులపై చేసిన అధ్యయనాలు మన పల్లె ప్రజలకు యథాతథంగా వర్తించకపోవచ్చు. అందుకే ఇటువంటి సమాచారం పాతపట్నం వంటి గ్రామీణ ప్రాంతాలకూ విలువైనది.

గమనించవలసినవి
* పరిశోధన వార్త చదివినపుడు ప్రయోగం జంతువులపైనా, మనుషులపైనా అన్నది చూడాలి.
* ఎందరిపై, ఎంతకాలం జరిగింది, ఇతరులు తిరిగి నిర్ధారించారా అన్నది తెలుసుకోవాలి.
* గూగుల్ స్కాలర్‌లో పత్రాల ఉటంకింపుల సంఖ్యను ఉచితంగా చూడవచ్చు. అంకెతో ఆగక పత్రాన్ని చదవడం విద్యార్థులకు మేలు.
* పత్రిక ప్రతిష్ఠ ఆధారంగా పరిశోధకుని విలువ కట్టరాదని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన సూచించింది.