కింద ఆసుపత్రి, మేడమీద ఇల్లు: గోదావరి డెల్టాలో పిల్లల డాక్టర్ల సంఘజీవితం

ఆయుర్వేదం శిశువైద్యాన్ని కౌమారభృత్యం పేరుతో తన ఎనిమిది అంగాల్లో ఒకటిగా ఏనాడో లెక్కించినప్పటికీ, ఆధునిక వైద్యంలో పిల్లల జబ్బులను మాత్రమే చూసే డాక్టరు గోదావరి డెల్టా పట్టణాల్లో స్థిరపడింది ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలోనే. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారి, కరువు భయం తగ్గినా, నీరు నిలిచే పల్లపు భూముల్లో దోమలూ బోదకాలూ, కాలువ నీటినే తాగే ఊళ్లలో విరేచనాలూ ఈ ప్రాంతాన్ని వదలలేదు. బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 162 మంది ఏడాది నిండకుండానే పోతున్నారనీ, 6,300 మంది జనాభాకు ఒక్క డాక్టరే ఉన్నాడనీ 1946లో భోర్ కమిటీ లెక్క తేల్చింది. అలాంటి కాలంలో ఆ ఒక్క డాక్టరు అలసట గురించి ఎవరూ ఆలోచించకపోవడంలో వింత లేదు.

ఈ నేల నుంచి వెళ్లి పిల్లల వైద్యాన్ని మార్చిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని ఈ కోణంలో చదివినవారు తక్కువ. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదివిన ఆయన సోదరులు స్ప్రూ అనే వ్యాధికి, అంటే తిన్న ఆహారంలోని సారాన్ని పేగులు పీల్చుకోలేని జబ్బుకు బలయ్యారు. ఆ వ్యాధి చికిత్సకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేయగలిగింది. దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా అక్కడినుంచే రాగా, దానితో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు చికిత్స చేసి, వారిలో కొందరికి తాత్కాలికంగా జబ్బు తగ్గినట్లు 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో మరణించాడు. వయసు 53. ఆయన చరిత్రను స్మరించేవారు అవిశ్రాంత శ్రమను సద్గుణంగానే చెబుతారు గాని, ఆ శ్రమ ఆయన దేహానికి ఏం చేసిందని అడగడం అరుదు. వైద్యవృత్తి తనను తాను చూసుకున్న తీరూ చాలాకాలం ఇంతే.

కలకత్తా, బొంబాయి కేంద్రాలుగా విడివిడిగా నడుస్తున్న రెండు సంఘాలు 1963లో కలిసి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌గా ఏర్పడ్డాయి; పిల్లల డాక్టర్ల ఈ జాతీయ సంస్థ కాలక్రమంలో రాష్ట్ర, స్థానిక శాఖలుగా విస్తరించింది. డెల్టాలో అప్పటికే, 1958లో, కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వెలిసి ఉండడం వల్ల ఇక్కడి విద్యార్థి చదువు కోసం మద్రాసుకో విశాఖపట్నానికో పోవలసిన అవసరం తగ్గింది. ఇలాంటి సంఘాల పని మొదటినుంచీ టీకాలు, తల్లిపాలు, సీఎంఈల చుట్టూనే తిరిగింది. సీఎంఈ అంటే పట్టా పొందిన డాక్టరు కొత్త విషయాలు నేర్చుకునే సదస్సు. ఇలాంటి చదువుకు అయిదేళ్లలో 30 గంటలు కేటాయించాలని వైద్య మండలి నియమం లెక్కకట్టింది గాని, నిద్రకు అలాంటి లెక్క ఏదీ పెట్టలేదు.

వృత్తిభారం అసలు రూపం చూడాలంటే సమావేశ మందిరం కన్నా నర్సింగ్‌హోమ్ కట్టడమే మంచి ఆధారం. రాజమహేంద్రవరం దానవాయిపేటలోనూ, భీమవరం, తణుకు, అమలాపురం వంటి ఊళ్లలోనూ బాగా కనిపించే పద్ధతిలో కింద ఓపీ, మంచాలు, మేడమీద డాక్టరు కాపురం ఉంటాయి. తరచుగా భర్త పిల్లల డాక్టరు, భార్య కాన్పుల డాక్టరు కావడంతో పురిటి గది నుంచి బిడ్డ నేరుగా భర్త చేతికి వస్తుంది. రోగికి ఇది గొప్ప సౌకర్యం, కుటుంబానికి పొదుపు. అర్ధరాత్రి మూర్ఛ వచ్చిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిదండ్రులకు మేడమెట్లే అత్యవసర విభాగం. అయితే ఇల్లూ పనిచోటూ ఒకటే అయినచోట సెలవుకు తావుండదు. ఊరు వెళ్లవలసి వచ్చినప్పుడు పక్కవీధి డాక్టరుకు తన రోగులను అప్పగించి, ఆయన వెళ్లినప్పుడు ఈయన చూసే మాట సాయమే సంక్షేమ పథకమన్న పేరు లేకుండా నడిచిన సంక్షేమం.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో తేల్చాక ఆ భారానికి దావా భయం తోడైంది. ఆసుపత్రులపై దాడులను శిక్షించే చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2008లో చేసింది. మనోభారాన్ని గుర్తించడం మరీ ఆలస్యం. వైద్యుడు తన ఆరోగ్యాన్నీ క్షేమాన్నీ కూడా చూసుకుంటాననే వాక్యం ప్రపంచ వైద్య సంఘం ప్రమాణపత్రంలో చేరింది 2017లో. దీర్ఘకాలపు పని ఒత్తిడితో మనిషి లోపల ఉడిగిపోయే స్థితిని, అంటే బర్నవుట్‌ను, వృత్తి సంబంధమైన పరిణామంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో నిర్వచించింది. ఆ మరుసటి ఏడు వచ్చిన కోవిడ్ తరువాత వైద్య సంఘాలు ఈ విషయాన్ని బాహాటంగా చర్చిస్తున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటికి శిశుమరణాలు వెయ్యికి 24కు దిగాయి; ఆ తగ్గుదలలో పిల్లల డాక్టర్ల పాలూ ఉంది. అయినా వానాకాలంలో, గోదావరి వరద తీసి డెంగీ, వైరల్ జ్వరాలు ముసిరే వారాల్లో, పాత మాట సాయం పనిచేయదు. అప్పుడు పక్కవీధి డాక్టరు ఓపీ కూడా అరుగుల దాకా నిండి ఉంటుంది.