నేరచరిత్ర – శిశుసంరక్షణోద్యోగార్హత: బ్రిటన్ అనుభవం (1945–2020)

వ్యాససంగ్రహం:
పిల్లల సంరక్షణలో ఉద్యోగం కోరేవారి గతాన్ని ముందుగా పరిశీలించే పద్ధతి బ్రిటన్‌లో ఎలా రూపుదిద్దుకొన్నదో ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రధాన విషాదాలలో బయటపడినది అధికారవ్యవస్థల మధ్య సమాచారం తెగిపోవడం కాగా, వాటి తరువాత పెరిగినది నమోదు పరిధి అని, ఆ పరిధిలో చిక్కుకొన్నవారు తరచు చిన్న తప్పిదాల పేదలూ బాల్యంలో తప్పటడుగు వేసినవారూ అని ప్రతిపాదిస్తుంది. ఆ అనుభవం వెలుగులో భారతదేశపు 2020 నియమాలను స్థూలంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నేరచరిత్ర, శిశుసంరక్షణ, పునరావాసచట్టం, సోహం, నిషేధిత జాబితా, విముక్తజాతులు, పోక్సో నియమాలు.

1. ఉపోద్ఘాతం:
'నేరచరిత్ర' అన్న సమాసంలో నేరం మీద నిలిచినంతగా మన దృష్టి చరిత్ర మీద నిలవదు. నిజానికి అది ఒక రచన. దానికి రచయిత ఉంటాడు, అతడు సాధారణంగా పోలీసు ఉద్యోగి. దానికి పాఠకుడు ఉంటాడు, అతడు ఉద్యోగమిచ్చే యజమాని. ఎవరిని గురించి రాశారో ఆ వ్యక్తికి మాత్రం అందులో ఒక్క అక్షరం మార్చే వీలు చాలాకాలం లేదు. పిల్లలను చూసుకొనే ఉద్యోగాల విషయంలో ఈ రచన ఎంతకాలం చెల్లుబాటు కావాలి, అందులో ఏది చేరాలి అన్న వివాదం బ్రిటన్‌లో అర్ధశతాబ్దం పాటు సాగింది. పసిపిల్లల ప్రాణం ఒకవైపు, శిక్ష అనుభవించి తిరిగివచ్చిన మనిషి బతుకు మరొకవైపు ఉన్న వివాదమిది. ఏ పక్షాన్నీ తేలికగా తోసిపుచ్చలేం.

2. ష్రాప్‌షైర్, 1945:
1945 జనవరి 9న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక పొలం ఇంట పన్నెండేళ్ల బాలుడు మరణించాడు. తల్లిదండ్రుల నుంచి వేరుచేసి అతణ్ణి ఆ ఇంట పెంపకానికి ఉంచినది వేల్స్‌లోని న్యూపోర్ట్ పురపాలకసంఘం. కొట్టడం, పస్తులుంచడం వల్ల ఆ బాలుడు చనిపోయాడని తేలి, పెంపుడుతండ్రికి ఆరేళ్ల శిక్ష పడింది. సర్ వాల్టర్ మాంక్టన్ జరిపిన విచారణలో రెండు ప్రాంతాల అధికారుల మధ్య పర్యవేక్షణ బాధ్యత జారిపోయిన తీరు వెల్లడైంది. ఒకరు చూస్తున్నారని మరొకరు అనుకొన్నారు. 1946 నాటి కర్టిస్ కమిటీ నివేదిక, 1948 నాటి బాలల చట్టం ఆ తరువాత వచ్చాయి. (అగాథా క్రిస్టీ 'ది మౌస్‌ట్రాప్' నాటకానికి మూలప్రేరణ కూడా ఈ సంఘటనే. సాహిత్యవిద్యార్థులకు ఇది ఆ దారిన పరిచితం కావచ్చు.) ఈ మరణానికి మూలమైనది ఏదో ఒక దస్తావేజు లేకపోవడం కాదు. ఆ ఇంటికి వెళ్లి చూడవలసిన మనుషులు వెళ్లలేదు. ఈ విషయాన్ని ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

3. మరచిపోవడానికి ఒక చట్టం:
లార్డ్ గార్డినర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1972లో ఒక నివేదిక ప్రకటించింది. ఎన్నో ఏళ్ల క్రితం శిక్షపడి, ఆపైన సక్రమంగా జీవిస్తున్నవారిని పాతనేరం వెంటాడరాదని దాని సారాంశం. ఫలితంగా వచ్చిన 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం 1975 జూలై 1న అమలులోకి వచ్చింది. నిర్ణీతకాలం గడిచిన శిక్షను 'కాలం చెల్లినది'గా భావించాలి. యజమాని అడిగినా అభ్యర్థి దాన్ని చెప్పనక్కరలేదు. రెండున్నరేళ్లకు మించిన కారాగారశిక్షకు మాత్రం ఈ సౌకర్యం ఆనాడు లేదు. రాజ్యం తన జ్ఞాపకాన్ని తానే పరిమితం చేసుకోవడం న్యాయచరిత్రలో అరుదైన విషయం.

అయితే అదే రోజున మినహాయింపుల ఉత్తర్వు కూడా అమలులోకి వచ్చింది. న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు మొదలైనవారి విషయంలో కాలం చెల్లిన శిక్షను కూడా అడగవచ్చునని అది చెప్పింది. తరువాతి దశాబ్దాలలో మూలచట్టం కంటె ఈ ఉత్తర్వే వేగంగా పెరిగింది. 1980లలో, పూర్వం శిక్షలు పడిన ఒక వ్యక్తి పిల్లలతో స్వచ్ఛందసేవలో ఉండి ఒక బాలికను హత్యచేసిన ఉదంతం బయటపడింది. దాని మీద జరిగిన సమీక్ష ఫలితంగా 1986లో స్థానికసంస్థలు తమ ఉద్యోగుల గతాన్ని పోలీసుల ద్వారా పరిశీలించే ఏర్పాటు మొదలైంది. 1997 నాటి పోలీసు చట్టం ఈ పనిని ధ్రువపత్రాల రూపంలోకి తెచ్చింది. సామాన్య, ప్రామాణిక, విస్తృత అని మూడు తరగతులు. పిల్లలతో పనిచేసేవారికి వర్తించే విస్తృత ధ్రువపత్రంలో శిక్షలతో పాటు, స్థానిక పోలీసు అధికారి అవసరమని తలచిన ఇతర సమాచారమూ చేర్చవచ్చు. శిక్షపడని విషయం కూడా 'చరిత్ర'లోకి వచ్చే ద్వారం ఇక్కడ తెరచుకొన్నది.

ఈ పనికోసం ఏర్పడిన క్రిమినల్ రికార్డ్స్ బ్యూరో 2002 మార్చిలో పని ప్రారంభించింది. ఆ సెప్టెంబరు నాటికి అర్జీలు గుట్టలుగా పేరుకుపోయి, ఉపాధ్యాయుల పరిశీలన పూర్తికాక కొన్ని బడులు సకాలంలో తెరచుకోలేదు.

4. సోహం:
ఆ మధ్యలోనే, 2002 ఆగస్టు 4న, కేంబ్రిడ్జ్‌షైర్‌లోని సోహం అనే ఊళ్లో పదేళ్ల బాలికలిద్దరు హత్యకు గురయ్యారు. హంతకుడు ఆ ఊరి మాధ్యమిక విద్యాలయంలో కావలిదారు. అతడు ఉద్యోగంలో చేరినప్పుడు పోలీసు పరిశీలన జరిగింది. అందులో ఏమీ తేలలేదు. ఎందుకంటే అతనికి అప్పటివరకు ఏ లైంగిక నేరంలోనూ శిక్ష పడలేదు. కాని 1995–1999 మధ్య హంబర్‌సైడ్ పోలీసుల వద్దకు అతని మీద లైంగిక ఆరోపణలు పదేపదే వచ్చాయి. ఒక్కొక్క ఆరోపణనూ విడిగా చూసి వదిలేశారు. వాటిని కలిపి చదివినవారు లేరు. దరఖాస్తులో అతడు మరొక ఇంటిపేరు వాడాడు. కేంబ్రిడ్జ్‌షైర్ పోలీసులు ఆ పేరుతోనే వెతికారు. సర్ మైకేల్ బిచర్డ్ 2004 జూన్‌లో సమర్పించిన నివేదిక ఈ లోపాలన్నిటినీ వివరించి 31 సూచనలు చేసింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ బాలికలు చదివేది వేరే పాఠశాలలో. అతని సహచరి అక్కడ ఉపాధ్యాయ సహాయకురాలు కావడం వల్ల వారికి ఆ ఇల్లు పరిచయం. అంటే అతనికి ఆ ఉద్యోగం నిరాకరించినా ఈ పరిచయం ఏర్పడే అవకాశం పూర్తిగా పోయేదని చెప్పలేం. 1945లో న్యూపోర్ట్, ష్రాప్‌షైర్ల మధ్య తెగినట్లే 2002లో హంబర్‌సైడ్, కేంబ్రిడ్జ్‌షైర్ల మధ్య సమాచారం తెగింది. ఈ రెంటిని పక్కపక్కన ఉంచి చదివిన చరిత్రకారుడికి లోపం ఎక్కడుందో తెలియడం కష్టం కాదు.

5. కోటిమంది జాబితా:
రాజకీయం మాత్రం వేరే దారి పట్టింది. 2006 నాటి రక్షణచట్టం పిల్లలతోను, అశక్తులైన పెద్దలతోను పనిచేసే ప్రతివారూ ముందే నమోదు కావాలన్న పథకాన్ని తెచ్చింది. మొదటి అంచనా ప్రకారం 1 కోటి 13 లక్షలమంది అందులోకి వచ్చేవారు. 2009 జూలైలో ఈ విషయం రచయితల దాకా వచ్చింది. బడులకు వెళ్లి పిల్లలకు కథలు చెప్పే రచయితలు కూడా 64 పౌండ్లు కట్టి నమోదు కావలసివస్తుందని తెలియగానే ఫిలిప్ పుల్మన్ ఇక బడులకు వెళ్లనని ప్రకటించాడు. కొత్త ప్రభుత్వం 2010 జూన్‌లో పథకాన్ని నిలిపివేసింది. 2012 డిసెంబరు 1న పాత బ్యూరోనూ, నిషేధిత జాబితాలను నిర్వహించే సంస్థనూ కలిపి డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్ ఏర్పరచారు. వాడుకలో అది డీబీఎస్. బ్రిటన్‌లోని బడులలో, సంరక్షణ సేవలలో చేరే తెలుగువారికి ఈ మూడక్షరాలు బాగా తెలుసు.

ఈ వ్యవస్థలో రెండు భిన్నమైన విషయాలున్నాయి. వాటిని మన చర్చల్లో తరచు కలిపేస్తారు. నిషేధిత జాబితాలో పేరున్నవారు పిల్లలతో పనిచేయడమే నేరం. ధ్రువపత్రంలో ఏదో ఒక పాతశిక్ష కనిపించినవారికి అటువంటి నిషేధం లేదు, నిర్ణయం యజమానిది. చట్టం దృష్టిలో వారు అర్హులే. అయితే రెండు దరఖాస్తులు ముందున్నప్పుడు మచ్చలేని కాగితాన్ని ఎంచుకోవడం యజమానికి సులభం. చట్టం విధించని అనర్హతను కాగితం విధిస్తుంది.

6. సైకిళ్లు, గోళ్లు, రొట్టెముక్క:
ఈ కాగితం ఎవరి మీద పనిచేసిందో న్యాయస్థానాల తీర్పులు చూస్తే తెలుస్తుంది. 2009 అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన 'ఎల్' కేసులో, ఒక తల్లి బడిలో మధ్యాహ్నవేళ పిల్లలను కనిపెట్టుకొని ఉండే ఉద్యోగం చేసేది. ఆమెకు శిక్షలేమీ లేవు. ఆమె కుమారుడి పేరు పూర్వం బాలరక్షణ రిజిస్టరులో ఉన్నదని, ఆమె అతని విషయంలో అశ్రద్ధ చూపిందన్న ఆరోపణ ఉన్నదని ధ్రువపత్రం చెప్పింది. ఉద్యోగం పోయింది. ఆమె కేసు ఓడిపోయినా, సమాచారం వెల్లడించే ముందు పిల్లల రక్షణతో సమానంగా వ్యక్తిగత జీవనహక్కునూ తూచాలని న్యాయస్థానం నిర్దేశించింది.

2014 నాటి 'టి' కేసు మరింత ప్రసిద్ధం. పదకొండేళ్ల వయసులో రెండు సైకిళ్ల దొంగతనం విషయంలో పోలీసులు హెచ్చరించి వదిలిన బాలుడికి, పదిహేడేళ్లప్పుడు ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఉద్యోగానికీ, ఆపైన విశ్వవిద్యాలయంలో క్రీడావిద్య చదువుకూ అవే హెచ్చరికలు ఎదురొచ్చాయి. అతనితో పాటు విచారించిన మరో కేసులో ఒక మహిళ 2001లో దుకాణంలో కృత్రిమమైన గోళ్ల పొట్లం దొంగిలించి హెచ్చరిక పొందింది. ఎనిమిదేళ్ల తరువాత సంరక్షణరంగంలో శిక్షణ పూర్తిచేసినా, ఆమెను ఉద్యోగాలకు సిఫారసు చేయలేమని శిక్షణసంస్థ చెప్పింది. ఏ తేడా చూపకుండా అన్నిటినీ వెల్లడించడం మానవహక్కులకు విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. ఈ కేసు కింది న్యాయస్థానంలో గెలిచినప్పుడే, 2013 మేలో, ప్రభుత్వం ఒక వడపోత పద్ధతి ప్రవేశపెట్టింది. ఒకే ఒక్క చిన్నశిక్ష అయితే 11 ఏళ్ల తరువాత వడపోతలో తొలగిపోతుంది. రెండు శిక్షలుంటే, అవి ఎంత చిన్నవైనా, ఎప్పటికీ కనిపిస్తాయి.

ఈ లెక్కలోని అన్యాయం 2019 జనవరి 30 నాటి తీర్పులో బయటపడింది. 'పి' అనే మహిళ 1999లో ఇల్లులేక, రోగనిర్ధారణ జరగని స్కిట్సోఫ్రీనియాతో బాధపడుతూ, ఒక శాండ్‌విచ్ దొంగిలించి హెచ్చరిక పొందింది. తరువాత 99 పెన్నీల పుస్తకం దొంగతనానికీ, ఆ కేసులో వాయిదాకు రాకపోయినందుకూ రెండు శిక్షలు. కోలుకొన్న తరువాత ఉపాధ్యాయ సహాయకురాలిగా పనిచేయాలని ఆమె కోరిక. పుస్తకం విలువకు ఉన్న పరిధి లెక్కకు రాలేదు. శిక్షలు రెండు కావడమే లెక్కకు వచ్చింది. అదే తీర్పులో ఉత్తర ఐర్లండుకు చెందిన మరొక మహిళ ఉంది. పిల్లలను సీటుబెల్టు లేకుండా కారులో తీసుకువెళ్లినందుకు 1990లలో పడిన శిక్షలు, సంఘసేవ విద్యలో పట్టం పొందిన తరువాత ఆమెకు అడ్డువచ్చాయి. ఈ లెక్కింపు నియమం చెల్లదని, బాల్యంలో పొందిన హెచ్చరికలను వెల్లడించడం కూడా తగదని న్యాయస్థానం చెప్పింది. 2020 నవంబరు 28న రెండూ రద్దయ్యాయి.

ఆ కేసులోనే 'డబ్ల్యు' ఓడిపోయాడు. 1982లో, పదహారేళ్లప్పుడు, దేహానికి గాయం కలిగించిన నేరానికి అతనికి షరతులతో కూడిన విడుదల దక్కింది, జైలుకు వెళ్లలేదు. మళ్లీ ఏ నేరమూ చేయలేదు. నడివయసులో ఇంగ్లీషు బోధించడానికి అర్హత సంపాదించబోతే ఆ నేరం తీవ్రమైన వాటి పట్టికలో ఉన్నది కాబట్టి వెల్లడి కావలసిందే అయింది. పట్టిక ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదన్న న్యాయమూర్తుల వాదం అర్థం కానిది కాదు. కాని ఈ తీర్పు చదివిన ప్రతిసారీ నాకు పునరావాసచట్టం వచ్చిన 1974 సంవత్సరమే గుర్తుకొస్తుంది.

7. ఇంటివారి నేరం:
అన్నిటికంటె విచిత్రమైన ఘట్టం 2014 అక్టోబరులో మొదలైంది. అనర్హుడైన వ్యక్తితో ఒకే ఇంట నివసించేవారు కూడా చిన్నపిల్లల సంరక్షణలో పనిచేయరాదన్న నిబంధన బడులకూ వర్తిస్తుందని ప్రభుత్వ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. భర్త పాతనేరం వల్ల, ఎదిగిన కొడుకు నేరం వల్ల ఉపాధ్యాయినులు విధులకు దూరమయ్యారు. 2018 ఆగస్టు 31న బడుల విషయంలో దీన్ని ఎత్తివేశారు. సొంత ఇంట్లో పిల్లలను చూసుకొనేవారికి మాత్రం అలాగే ఉంచారు. అక్కడ ఇంటివారి ఉనికి నేరుగా పిల్లలకు సంబంధించినది కాబట్టి ఆ తేడా సబబే.

తెలుగు పాఠకులకు ఈ ఆలోచన కొత్తది కాదు. 1911 నాటి నేరస్థజాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించినప్పుడు ఎరుకల మొదలైన సముదాయాలవారు చేసిన నేరంతో నిమిత్తం లేకుండా పుట్టుకతోనే రిజిస్టరులోకి ఎక్కారు. సాల్వేషన్ ఆర్మీ నిర్వహించిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చరిత్రకు సాక్ష్యం. ఆ చట్టంలోని 17వ విభాగం ఈ సముదాయాల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అంటే రిజిస్టరులో పేరుండడమే కన్నబిడ్డను పెంచడానికి కూడా అనర్హత. మద్రాసు ప్రభుత్వం 1947లోను, భారతప్రభుత్వం 1952లోను దీన్ని రద్దుచేశాయి. బ్రిటన్ 2014లో చేసినదాన్ని దీనితో సమానమని నేననను. ఉద్దేశాలు వేరు, పరిమాణం వేరు. మనిషి చేసినపని నుంచి మనిషి సంబంధాలకు నమోదు జారిపోయే తీరు మాత్రం ఒకటే.

8. భారతదేశ నియమాలు:
2020 మార్చిలో వచ్చిన పోక్సో నియమాలలో మూడవ నియమం ప్రకారం బడులు, శిశువిహారాలు, క్రీడాశిక్షణ కేంద్రాలు మొదలైన సంస్థలు పిల్లలతో సంబంధం కలిగే ప్రతి ఉద్యోగి విషయంలోనూ నియతకాలికంగా పోలీసు పరిశీలన జరిపించాలి. బోధనసిబ్బంది, బోధనేతరసిబ్బంది అన్న తేడా లేదు. ఇది అవసరమైన నియమమే. 2022 అక్టోబరులో హైదరాబాదులో ఒక పాఠశాలలో నాలుగేళ్ల బాలిక మీద జరిగిన అత్యాచారం కేసులో నిందితుడు బోధకుడు కాదు, ప్రిన్సిపాలు కారు డ్రైవరు. సోహంలోని కావలిదారులాగే అతడు కూడా పిల్లలకు సంబంధించిన విధులు లేనివాడు. ఉద్యోగం పేరును బట్టి కాక, పిల్లలకు ఎంత దగ్గరగా మసలుతాడన్నదాన్ని బట్టి పరిశీలన జరగాలన్నది ఈ రెండు కేసుల నుంచి నిలిచే విషయం.

అయితే పరిశీలనలో ఏది తేలితే ఉద్యోగం ఇవ్వకూడదో నియమం చెప్పదు. కేసు నమోదైతే చాలునా, అభియోగపత్రం దాఖలు కావాలా, శిక్ష పడాలా? నిర్దోషిగా విడుదలైనవారి సంగతేమిటి? ప్రభుత్వోద్యోగాల విషయంలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, యౌవనంలో నినాదాలు చేయడం వంటి అల్పవిషయాలను యజమాని ఉపేక్షించవచ్చునని అన్నది. కాని అది యజమాని విచక్షణ. మరొకవైపు 2015 నాటి బాలన్యాయ చట్టంలోని 24వ విభాగం, బాల్యంలో చేసిన నేరం వల్ల ఏ అనర్హతా కలగరాదని, అప్పీలు గడువు ముగిసిన తరువాత ఆ రికార్డులను నాశనం చేయాలని ఆదేశిస్తుంది. పదహారేళ్లు దాటినవారి అతితీవ్ర నేరాలకు మినహాయింపు ఉన్నది. బ్రిటన్‌లో 'టి' అనే బాలుడికి సుప్రీంకోర్టు దాకా సాగిన వ్యాజ్యం తరువాత దక్కినది మన చట్టంలో ముందే రాసిపెట్టి ఉన్నది. ఠాణాలోని దస్త్రం నిజంగా నాశనమైతేనే అది అమలవుతుంది. ఒక అంగన్‌వాడీ సహాయకురాలి దరఖాస్తు మీద పోలీసు నివేదిక రాసే ఉద్యోగికి 24వ విభాగాన్ని గుర్తుచేసే వాక్యమేదీ పోక్సో మూడవ నియమంలో లేదు.