వ్యాధి మూలము - ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి

శరీరమున గాయమైన చోట ఎఱుపు, వేడి, వాపు, నొప్పి అను నాలుగు లక్షణములు పొడసూపును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను రచయిత సెల్సస్ వీనిని పేర్కొనెను. మన వైద్యులు దీనిని శోథమనిరి. ఇది శరీరము తన్ను తాను కాపాడుకొనుటకై సల్పు పోరాటము. ఆ రక్షణశక్తియే దారితప్పి స్వశరీరముపై తిరుగబడినచో కొన్ని కీళ్లవాతములు పుట్టును. కణములు అదుపు మీఱి పెరిగినచో రాచపుండు పుట్టును. రోగమూలమును కణముననే వెదకవలెనని 1858లో జర్మను వైద్యుడు విర్కో బోధించెను. ఈ రెండు విధముల రోగములకును ఉపకరించు ఔషధమొకటి కలదు. దాని పుట్టుకకు కారకులైన వారిలో ఒక తెలుగువాడు ముఖ్యుడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరమున జన్మించిరి. స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి వారి సోదరులను బలిగొనెను. మదరాసున వైద్యవిద్య ముగించి వారు అమెరికా చేరిరి. 1925లో ఫిస్కేతో కలిసి శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1940లో లెడర్లే పరిశోధనాలయమున ప్రవేశించిరి.

బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు కలుగు రక్తహీనత ఈస్టు సారముచే తగ్గుటను 1931లో లూసీ విల్స్ వెల్లడించెను. అందలి గుణకారి ఫోలికామ్లమని పిమ్మట తేలెను. సుబ్బారావు గారి నాయకత్వమున లెడర్లే బృందము దానిని కృత్రిమముగ నిర్మించి 1945లో ప్రకటించెను. సోదరులను హరించిన స్ప్రూకు సైతము అది మందయ్యెను.

కణము రెండుగా చీలుటకు ఫోలికామ్లము అవసరము. రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఆ జాతి పదార్థముల నొసగగా రోగము విజృంభించినట్లు బోస్టను వైద్యుడు ఫార్బరుకు తోచెను. అట్లయిన దానిని అడ్డగించు పదార్థము రోగమును అణచవలెను గదా! లెడర్లే బృందము నిర్మించిన అమినోప్టెరిన్‌ను ఆయన 16 మంది పిల్లలకు ఈయగా 10 మందికి గుణము కనిపించెను. అది తాత్కాలికమే; అయినను రక్తపు క్యాన్సరు మందునకు లొంగునని 1948లో లోకమునకు తెలిసెను. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూసిరి.

దాని సోదర ఔషధమగు మెథోట్రెక్సేట్ 1956లో కోరియోకార్సినోమా అను క్యాన్సరును లొంగదీసెను. కొలది మోతాదులో శోథము నణచుచు నేడు కీళ్లవాతమునకును వాడబడుచున్నది.

కన్నడము నడుమ తెలుగు పలుకు హొసకోటె ప్రాంతమునను ఈ మందు పుచ్చుకొను రోగులు ఉండకపోరు. పోషించునదే రోగమునకును మేతయగునని, మేత నాపి రోగమును జయింపవచ్చునని తెలిపిన ఆ మహనీయుని పేరు మన పిల్లలకు తెలియజెప్పుట మన విధి.