పదో తరగతి ఇంగ్లీషు పేపరు మన దాకా ఎట్లా వచ్చింది?



పరీక్షలు దగ్గర పడే కొద్దీ ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్ల నోట ఒకటే మాట వింటుంటాం. "అన్నా, లెక్కలు ఎట్లనో గట్టెక్కుతా, ఇంగ్లీషే భయం." ఆ భయం వెనక ఇంకో మాట దాక్కుని ఉంటది, "మనకు తెలివి తక్కువేమో" అని. ఆ రెండో మాట అబద్ధం. ఎందుకు అబద్ధమో తెలియాలంటే ఈ పేపరు చరిత్ర తెలియాలి. కాస్త పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

1835 ఫిబ్రవరిలో మెకాలే తన ప్రసిద్ధమైన నివేదిక రాశాడు. దేశంలో అందరికీ చదువు చెప్పాలన్నది అందులో ఉద్దేశం కాదు. పాలించే వాళ్లకూ కోట్లాది జనానికీ నడుమ నిలబడి పని చేసే ఒక చిన్న వర్గం తయారు కావాలి, అంతే. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఇంకో అడుగు వేసి, ఇంగ్లీషు చదువుకున్న వాళ్లకే సర్కారు కొలువుల్లో ముందు అవకాశం అన్నాడు. ఆ రోజు నుంచి ఇంగ్లీషు ఒక భాషగానే మిగల్లేదు, కొలువుకు గేటు అయింది. గేటు అన్నాక కొందర్ని లోపలికి పంపడానికీ, చాలామందిని బయట ఆపడానికీ కదా పెడతారు!

సివిల్ సర్వీసు పోటీ పరీక్ష మొదటిసారి 1855లో లండన్‌లో జరిగింది. దానికి మార్కులు ఎట్లా ఉండాలో మెకాలే అధ్యక్షతన ఉన్న కమిటీ చెప్పింది. ఇంగ్లీషు భాష, సాహిత్యం, చరిత్ర కలిపి 1500. గ్రీకుకు 750, లాటిన్‌కు 750. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. తెలుగు ఆ జాబితాలోనే లేదు. ఇక గోండి, కోయ, సవర సంగతి చెప్పాలా?

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాల పిల్లలకు దాని మెట్రిక్యులేషనే పెద్ద గడప. అందులో ఇంగ్లీషు తప్పనిసరి. ఇక్కడ ఒక వింత చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యాన్ని విడిగా డిగ్రీ చదువుగా పెట్టింది 1890లలో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే మన దేశపు కాలేజీల్లో పిల్లలు షేక్‌స్పియర్, మిల్టన్ చదివి పరీక్షలు రాస్తున్నారు. అంటే వాళ్ల సాహిత్యానికి పరీక్ష పెట్టడం వాళ్ల ఊళ్లో కంటే మన దగ్గరే ముందు బలపడింది. అర్థం కాకపోయినా బట్టీ పట్టి రాసే అలవాటు అప్పుడే మొదలైంది. గైడ్లు, నోట్సులు ఈ మధ్య పుట్టినవి అనుకోకండి.

ఇప్పుడు మన వైపుకు వద్దాం. గిడుగు రామమూర్తి గారు మెట్రిక్యులేషన్ పాసై 1880లో పర్లాకిమిడిలో 30 రూపాయల జీతానికి బడిపంతులుగా చేరారు. ఆ గేటు ఆయనా దాటవలసి వచ్చింది. తర్వాత ఆయన చేసిన పని మాత్రం వేరు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు సవరలోనే పాఠాలు తయారు చేశారు, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. పిల్లలు మాట్లాడే తెలుగులోనే బడి చదువు, పరీక్ష రాత ఉండాలని పండితులతో పోరాడిందీ ఆయనే. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసే చాలామందికి ఆయన వ్యావహారిక భాషా ఉద్యమం తెలుసు, సవర పని తెలియదు. రెండింటికీ వేరు ఒకటే. నోట్లో ఉన్న మాటతో చదువు మొదలు కావాలి.

నిజాం రాజ్యంలో కథ ఇంకో రకం. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధన ఉర్దూలో, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు. అడవిలో ఉన్నవాళ్లకు ఆ రెండూ దూరమే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక సర్కారు కళ్లు తెరిచింది. హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల మధ్యకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేసే కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చు వేశారు. పిల్లలు ముందు తమ మాటను చదివారు, తర్వాతే వేరే భాషకు వెళ్లారు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బడి భాష తెలుగు అయింది. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. లెక్క చూడండి. తాత కాలంలో సర్కారు భాష ఉర్దూ, నాయన కాలంలో తెలుగు, మన కాలంలో ఇంగ్లీషు. మూడు తరాల్లో పరీక్ష భాష రెండుసార్లు మారింది, ఇంటి భాష ఒక్కసారి కూడా ఆ పేపర్లోకి రాలేదు. ప్రతి తరం మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది. దీన్ని తెలివి తక్కువ అంటారా?

మధ్యలో మంచి ప్రయత్నాలు జరగలేదని కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. అంతకు ముందు 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చాలామంది దీన్ని ఉద్యోగాల గొడవగానే చూశారు. మొదటి రోజు బడికి వచ్చిన పిల్ల ఏం మాట్లాడుతుందో అర్థమయ్యే టీచరు ఉంటారా లేదా అన్నది అసలు ప్రశ్న.

సరే, చరిత్ర ఇట్లా ఉంది, పరీక్ష మాత్రం వస్తది. పాస్ కావాలంటే 35 మార్కులు కావాలి. ఏం చేద్దాం?

ఇప్పటి పేపరు పాత మెట్రిక్యులేషన్ లాంటిది కాదు. చదివి అర్థం చేసుకునే ప్రశ్నలు, వ్యాకరణం, పదాలు, సొంతంగా రాసేవి ఉంటాయి. ఉత్తరం, సంభాషణ, డైరీ, వార్త, ఒకరి జీవిత పరిచయం లాంటివి అడుగుతారు. ఏ విషయం మీద వస్తదో ముందే తెలియదు కాబట్టి బట్టీ పెద్దగా పని చేయదు. మార్లవాయి దారే పని చేస్తది. పాఠం చదివాక ఆ కథను మీ ఇంటి భాషలో పక్కవాళ్లకు చెప్పండి. చెప్పగలిగితే అర్థమైనట్టు. అప్పుడు అదే కథను పది చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి.

ఇంకో కిటుకు. మన భాషల్లో క్రియ వాక్యం చివర వస్తది, ఎవరు చేశారో చాలాసార్లు క్రియలోనే తెలుస్తది, అందుకే కర్తను వదిలేసినా నడుస్తది. ఇంగ్లీషులో అట్లా నడవదు. ముందు ఎవరు, వెంటనే ఏం చేశారు, తర్వాత మిగతాది. ఏ, ఆన్, ది అనేవి మన భాషల్లో లేవు, అందుకే అక్కడ మార్కులు పోతాయి. తప్పులు దిద్దమని ఇచ్చే ప్రశ్నలో ముందు ఈ రెండు చోట్లే వెతకండి.

డైరీ రాయమంటే తెలియని నగరం గురించి ఎందుకు? సంత, జాతర, ఇప్పపూల ఏరివేత, వాగు పొంగిన రోజు, ఇవన్నీ రాయొచ్చు. దిద్దే వాళ్లు చూసేది వాక్యం, భావం. తెలిసిన సంగతి రాస్తే వాక్యం తడబడదు.

ఇంట్లో ఒక భాష, సంతలో ఒకటి, బడిలో ఇంకొకటి మాట్లాడే పిల్ల పదేళ్లకే మూడు భాషల మనిషి. ఆ గేటు పెట్టినోళ్లకు మనం గుర్తు కూడా లేం. అయినా దాటుదాం. దాటినోళ్లు వెనక్కి తిరిగి, ఊళ్లో ఈ ఏడాది పది రాసే ఒక్కరి పక్కన రోజూ ఒక గంట కూర్చోండి. వాళ్ల భాషలోనే మొదలుపెట్టండి.

జై ఆదివాసీ.